ఎండుచేప పొట్లం

వేణ్ణీళ్ల సిరంజిని పొట్లం మూతికి బిగించి ఆమె నెమ్మదిగా నొక్కింది. లోపల అట్టముక్కల్లా బిగుసుకుపోయిన చేప తునకలు నీళ్లు తాగడం మొదలుపెట్టాయి. పొట్లాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని పసిపిల్ల పాదాన్ని పిసికినట్టు పిసికింది, గట్టిగా కాకుండా, అలాగని ఏ మూలనూ వదలకుండా. సరిగ్గా పిసక్కపోతే మధ్యలో ఎక్కడో ఒక ముక్క పొడిగా మిగిలిపోతుంది. అంతరిక్షంలో తేలుతూ తినేవాడి గొంతులో అది అడ్డం పడితే, వీపు చరుద్దామని వచ్చినవాడు చరిచిన ఊపుకి తానే వెనక్కి కొట్టుకుపోతాడు.

పైకి పంపే వంట ఎంచడానికి బల్ల చుట్టూ కూర్చున్న కమిటీ వాళ్లు ఆ పిసుకుడు చూసి చూసి వాచీల వైపు తిరిగారు. వాళ్లు అప్పటికే మొదటి పొట్లంలోని పాలన్నం తినేశారు. బాదం పలుకులు వేసింది, తెల్లగా, మెత్తగా, తియ్యగా ఉన్నది. ఒకాయన మొహమాటం లేకుండా రెండోసారి అడిగి వేయించుకున్నాడు కూడా.

ఆమె కత్తెరతో పొట్లం మూల కత్తిరించింది. చైర్మన్ గారు జేబురుమాలు తీశారు.

"ఏంటమ్మా ఇది? గదిలో ఎవరో పోయినట్టుంది."

అందరూ నవ్వారు. నవ్వడానికి నోళ్లు తెరవాల్సి వచ్చినందుకు ఒకరిద్దరు వెంటనే మూసుకున్నారు.

"ఎండుచేప సార్. పులుపులో ఉడికించి, తడి లాగేశాం. పైకి వెళ్లే పైలట్ అడిగి చేయించుకున్న వంటకం."

"అడిగాడనుకో. అక్కడ అన్ని దేశాల వాళ్లూ ఒక్క బల్ల దగ్గర చేరతారు. ఎవరి దేశం వంట వాళ్లు విప్పుతారు. లోకమంతా టీవీల ముందు కూర్చుంటుంది. అప్పుడు మనవాడు ఇది విప్పాలా?"

"వాళ్లు విప్పేదీ అలాంటిదే సార్. ఒకళ్లు ఉప్పులో ఊరేసిన చేప తెస్తారు, ఇంకొకళ్లు పులియబెట్టిన క్యాబేజీ, మరొకళ్లు సముద్రపు నాచు."

"వాళ్ల కంపుకి పేరుందమ్మా," అన్నారు చైర్మన్ గారు. ఆ మాట ఆయనకే నచ్చినట్టుంది, రుమాలు చాటున చిన్నగా నవ్వుకున్నారు.

ఆమె చెంచాలు పంచింది. ఎవరూ ముట్టలేదు. పైన ముక్కు పనిచేయదని, ఒంట్లో నీరంతా తలకెక్కి, ఎప్పుడూ పడిశం పట్టినట్టే ఉంటుందని చెప్పబోయింది. చైర్మన్ గారు చెయ్యెత్తి ఆపారు.

"ముక్కే పనిచేయనప్పుడు ఇంకేం గొడవ? పాలన్నమైనా ఒకటే, ఇదైనా ఒకటే. మంచిదే తింటాడు. ఇంకో మాట, అతని సొంత వాటా అని కొంత బరువు వదిలారు చూడు, అందులో కూడా పాలన్నం పెట్టేయండి. మిగతా దేశాల వాళ్లకి మన తరఫున పంచుతాడు."

దానికి జవాబు ఆమెకి వరండాలోకి వచ్చాక దొరికింది. ముక్కు పోతే ఇక మిగిలేది నాలుక. నాలుకకి కావాల్సింది పులుపు, ఉప్పు, మంట. పాలన్నంలో వాసన తీసేస్తే మిగిలేది జిగురు. జవాబు చేతిలో పట్టుకుని వెనక్కి వెళ్లలేక, మింగలేక కక్కలేక అక్కడే కాసేపు నిలబడింది. లోపల నుంచి కిటికీలు తెరుస్తున్న చప్పుడు వినిపించింది.

పైలట్ ఉన్న గదిలో మంచం ఏటవాలుగా ఉంటుంది. తల కిందికి, కాళ్లు పైకి. ఒంటికి ఆకాశం అలవాటు కావాలని ఆ మంచం దిగకుండా ఉంచారు. తిండీ అక్కడే, చదువూ అక్కడే. అతని మొహం ఉబ్బి నున్నగా అయిపోయింది. కళ్లు సగానికి పూడుకుపోయాయి. ముక్కుతో మాట్లాడుతున్నాడు.

"రా అక్కా. నా చేప నెగ్గిందా?"

ఆమె మధ్యాహ్నం ట్రే వైపు చూసింది. పాలన్నం పొట్లం మూల నుంచి రెండు చెంచాలు మాత్రమే తగ్గింది.

"తినలేదేం?"

"తిన్నాను. తడిసిన పేపరు తిన్నట్టుంది. నోరు చచ్చిపోయిందక్కా. నమలడం ఎప్పుడు ఆపాలో కూడా తెలియట్లేదు." కిందికి వాలిన తలతో నవ్వబోయి దగ్గాడు. "కమిటీ వాళ్లు బాగుందన్నారటగా?"

"వాళ్లు కుర్చీల్లో కూర్చుని తిన్నారు."

"మరి మంచం మీద పడుకోబెట్టాల్సింది."

గోడ దగ్గర కాగితాలు చూసుకుంటున్న డాక్టరమ్మ తల తిప్పలేదు. "నవ్వింది చాలు. మళ్లీ బరువు తగ్గాడు. పైన నెలలు గడపాలి. ఇక్కడే ఇలా అయితే నేను సంతకం పెట్టను. అతని బదులు ఇంకొకతను సిద్ధంగానే ఉన్నాడు, ఆయన రాయి పెట్టినా అరిగించుకుంటాడు."

పైలట్ నవ్వు ఆపేశాడు. కాళ్లు పైన, తల కింద పెట్టుకుని ఉన్న మనిషి మొహంలో భయం కూడా వేరుగా కనిపించింది, నుదుటి వైపు జారుతున్నట్టు.

ఆమె కోటు జేబులోంచి ఇంకో ఎండుచేప పొట్లం తీసింది. నీళ్లు పట్టించి, పిసికి, మూల కత్తిరించి ఇచ్చింది. డాక్టరమ్మ లేచి కిటికీ తెరిచింది. పైలట్ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కదలకుండా ఉండిపోయాడు. తర్వాత ఎవరో లాక్కుంటారేమోనన్నట్టు తిన్నాడు. పొట్లాన్ని అడుగు నుంచి నొక్కుకుంటూ వచ్చి, మూల దగ్గర మిగిలిన పులుసుని కూడా చప్పరించాడు.

"ఇది తిండి," అన్నాడు.

ఆ మాట మనసులో పెట్టుకుని ఆమె ఇంటికి బయల్దేరింది. బస్సులో కూర్చున్నంతసేపూ చైర్మన్ గారితో పోట్లాడుతూనే ఉంది. ఈసారి జవాబులన్నీ సమయానికి అందాయి. కడ్డీ పట్టుకున్న చేతిని వాసన చూసుకుంది. నిమ్మకాయతో ఎంత రుద్దినా చేప వాసన పోలేదు. పక్క సీటావిడ కొంచెం జరిగింది. ఆవిడ మీద కూడా కోపం వచ్చింది.

మెట్ల మీద ఉండగానే మాడు వాసన కొట్టింది. తలుపు తీసేసరికి ఇంట్లో పొగ మెడ దాకా దిగి ఉంది. పొయ్యి మీద పాలగిన్నె అడుగు నల్లబడి చిటపటమంటోంది. పొయ్యికి వీపు పెట్టి, పీట మీద కూర్చుని అత్తగారు బఠాణీలు ఒలుస్తోంది.

ఆమె పరిగెత్తి పొయ్యి ఆర్పింది.

"అత్తయ్యా, పక్కనే కూర్చుని ఏం చేస్తున్నారు?"

"అయ్యో, పాలా?" అత్తగారు మెల్లగా తల తిప్పింది. "చూసుకోలేదమ్మాయ్."

"చూడక్కర్లేదు, వాసన చాలు. వీధి చివరకి కొడుతోంది."

అత్తగారు చేతిలో ఉన్న కాయని ఒలవకుండా గట్టిగా పట్టుకుంది. ఆ మౌనం ఆమెకి బాగా తెలిసిందే. చలికాలంలో వచ్చిన జ్వరం తగ్గినప్పటి నుంచీ అత్తగారిది ఇదే తంతు. కూర నోట్లో పెట్టుకోవడం, ఆగడం, పళ్లెం జరపడం. ఆ మీదట ఈ మౌనం. కావాలని చేస్తోందనే ఆమె నమ్మకం. మనిషి ఎదురుగా పాలు మాడబెట్టడం అందులో కొత్త మెట్టు.

భోజనాల దగ్గర అది మళ్లీ జరిగింది. అత్తగారు ఒక ముద్ద తిని ఆగింది.

"ఏంటమ్మాయ్ ఈ కూర, గడ్డి నమిలినట్టుంది. ఆ కారం డబ్బా ఇలా ఇవ్వు."

కారం డబ్బా పై అరలో ఉంది. అత్తగారి చేతికి అందకూడదని ఆమే అక్కడ పెట్టింది. ఈ వయసులో అంత కారం తింటే కడుపు పుండవుతుందని భర్తకి కూడా చెప్పి ఒప్పించింది.

"కారం లేదు. మీ మంచికే."

"పోనీ, ఎండుచేప ముక్క ఏదైనా కాల్చి పెట్టకూడదూ? ఎన్నాళ్లయిందో."

"ఈ బిల్డింగులో అది కాలిస్తే కింద నుంచి పై దాకా తలుపులు తెరుచుకుంటాయి. నలుగురూ ఏమనుకుంటారు?"

"మాట్లాడకుండా తినమ్మా," అన్నాడు భర్త, తన పళ్లెంలోకి చూస్తూ. ఇద్దరు ఆడవాళ్ల మధ్య అన్నం తినడం అతను బాగా నేర్చుకున్నాడు. త్వరగా తిని లేస్తాడు.

"నోటికి రుచి లేకుండా ఎలా తినన్రా?"

ఆమె గరిటె బల్ల మీద పెట్టింది. పెట్టిన చప్పుడు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది.

"పొద్దున్నుంచీ అక్కడ పెద్దమనుషులు వంకలు పెడితే విన్నాను. ఇంటికొస్తే ఇక్కడ మీరు. వండేదాన్ని నేను. ఏం పెట్టాలో నాకు తెలుసు. పెట్టింది తినండి."

అత్తగారు తిన్నది. ముద్ద తర్వాత ముద్ద, లెక్క అప్పజెప్పినట్టు పళ్లెం ఖాళీ చేసింది. కడిగిన పళ్లెం బోర్లించి వెళ్లి పడుకుంది. ఆమెకి గెలిచినట్టే అనిపించింది. గెలిచాక ఉండాల్సిన హాయి మాత్రం ఎక్కడా దొరకలేదు.

మర్నాడు చైర్మన్ గారి గదికి తానే వెళ్లింది. మధ్యలో కమిటీ వాళ్లు లేరు కాబట్టి మెత్తబడతారనుకుంది. ఒక్క కోరిక కోరింది. పైలట్ గదిలో లాంటి వాలు మంచం ఒకటి ఖాళీగా ఉంది, దాని మీద కాసేపు తల కిందికి పెట్టి పడుకుని, మొహం బరువెక్కాక రెండు పొట్లాలూ రుచి చూడమంది.

చైర్మన్ గారు కళ్లజోడు తీశారు. "నన్ను గబ్బిలంలా వేలాడమంటావా?"

"వేలాడటం కాదు సార్. కొంచెం వాలు, అంతే. అతను రోజుల తరబడి ఉంటున్నాడు."

"అది అతని పని. ఈ దేశం గురించి ఆలోచించడం మన పని. అందరూ మెచ్చే వంట పంపిస్తున్నాం. ఇందులో అతనికి అన్యాయం ఏముంది? పాలన్నం వద్దనే మనిషిని నేనిప్పటి దాకా చూడలేదు."

"అతని నోటికి రుచి తెలియట్లేదు సార్. బరువు తగ్గిపోతున్నాడు."

"తెలియకపోవడం ఏంటి, అన్నీ వంకలు. చిన్నప్పుడు మా పిల్లలూ ఇలాగే చేసేవాళ్లు. ఏం పెట్టాలో మనకి తెలుసు కదమ్మా. పెట్టింది తినమను."

ఆమె నోరు తెరిచింది. కోపం నాలుక దాకా వచ్చి ఉంది, మాటలు కూడా సిద్ధంగా ఉన్నాయి. కానీ అవి బయటికి రాలేదు. ఆ గొంతు తనకి తెలుసు. ఆ చివరి మాట దగ్గర గరిటె చప్పుడు కూడా వినిపించింది. బల్ల మీద చైర్మన్ గారి చెయ్యి తప్ప గరిటె ఏదీ లేదు.

"ఇంకేమైనా ఉందా?" అన్నారాయన.

"లేదు సార్."

వరండాలో నడుస్తుంటే ఆమెకి పొగ కనిపించింది. మెడ దాకా దిగిన పొగ, అందులో పీట మీద కూర్చున్న మనిషి. ఆ మనిషి దగ్గలేదు. ముక్కు చిట్లించలేదు. కాయ వెనక కాయ ఒలుస్తూ కూర్చుంది. పాలు మాడాయని చెప్పాక, మొదట పొయ్యి వైపు కాదు, కోడలి మొహం వైపు చూసింది, ఇంకా ఏమేం తెలియకుండా జరిగిపోయాయో అక్కడ వెతుక్కుంటున్నట్టు.

ముక్కు పోయినవాళ్లకి వండటమే ఆమె పని. దాని మీదే జీతం, దాని మీదే పేరు. ల్యాబులో అందరూ ఆమెని పొట్లాలావిడ అంటారు. ఆకాశంలో ముక్కు మూసుకుపోయినవాడి కోసం ఒంటికాలి మీద లేచి పోట్లాడింది. ఇంట్లో ముక్కు పోయిన మనిషికి అందకుండా కారం డబ్బా పై అరలో దాచింది.

కోటు విప్పకుండానే బస్సెక్కింది.

మధ్యాహ్నపు ఎండ గదిలో సగం దాకా పరుచుకుని ఉంది. అత్తగారు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని దిండు గలీబుకి అంచు కుడుతోంది. కోడలు రావడం చూసి తల ఎత్తి మళ్లీ దించేసింది. నిన్నటి మాట ఇద్దరి మధ్యా నిలబడే ఉంది.

ఆమె వంటింట్లోకి వెళ్లి సంచిలోంచి పొట్లం తీసింది. నీళ్లు కాచి పట్టించింది. పిసికింది. మధ్యలో పొడిముక్క మిగిలిందేమోనని మళ్లీ పిసికింది. గదిలోకి వచ్చి అత్తగారి కుర్చీ వెనక నిలబడింది. కత్తెరతో మూల కత్తిరించింది.

చైర్మన్ గారి చేత జేబురుమాలు తీయించిన వాసన, బస్సులో మనిషిని జరిపిన వాసన, గదంతా నిండింది. పక్క ఫ్లాటులో ఎవరో కిటికీ మూశారు.

అత్తగారి సూది ఆగలేదు. గుడ్డలోకి దిగి, పైకి వచ్చి, దారం లాగి, మళ్లీ దిగింది.

ఆమె పొట్లాన్ని ఆవిడ భుజం దాకా తెచ్చింది. చెవి దాకా తెచ్చింది. సూది దిగుతూ వస్తూనే ఉంది.

"ఏంటలా నిలబడ్డావు?" అంది అత్తగారు, తల తిప్పకుండా. "ఆఫీసు లేదా ఇవాళ?"

ఆమె కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది.

"అత్తయ్యా, మీకు వాసన తెలియట్లేదు కదూ?"

సూది ఆగింది. అత్తగారు దాన్ని గుడ్డకి గుచ్చి ఒళ్లో పెట్టుకుంది.

"జ్వరం తగ్గాక మొదట పడిశం అనుకున్నాను," అంది. "తర్వాత నువ్వే కావాలని చప్పగా వండుతున్నావనుకున్నా. నేను విసిగి కూతురింటికి పోవాలని. నిన్ను రోజూ తిట్టుకున్నాను, దాచడం ఎందుకు. మీ ఆయన తింటుంటే మొహం చూసేదాన్ని, వాడికీ రుచి లేదేమోనని. వాడు బాగానే తినేవాడు. అప్పుడు తెలిసింది, పోయింది నాదేనని."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పలేదా?" అత్తగారు ఇప్పుడు తిరిగింది. కళ్లలో నీళ్లు లేవు, నిప్పులున్నాయి. "మూడు పూటలా ఇంకేం చెప్పాను నేను? రుచి లేదు, రుచి లేదు అంటూనే ఉన్నానుగా. నువ్వు నీ కూర గురించి అన్నాననుకున్నావు. నిన్న పాలు మాడాయన్నావు. నా వీపు వెనకే మాడాయి. రేపు ఇల్లు తగలబడినా నాకు తెలియదు. ఆ మాట చెబితే ముసలిదానికి మతి పోయిందని ఇంకేం ఎత్తి పై అరలో పెడతావోనని భయమేసింది."

 ఈసారి జవాబు వరండాలోకి వెళ్లినా దొరికేది కాదు. ఆమె పొట్లం, చెంచా అత్తగారి చేతిలో పెట్టింది.

అత్తగారు అనుమానంగా ఒక ముక్క నోట్లో వేసుకుంది. దవడ ఒకసారి కదిలి ఆగింది. పులుపుకి కళ్లు చికిలించింది. కారానికి ముక్కు కారింది. కొంగుతో తుడుచుకుని ఇంకో ముక్క తీసుకుంది. పొట్లం సగం చేసింది.

"ఎండుచేపేనా ఇది?"

"ఆ."

"మరి బిల్డింగులో వాళ్లు?"

"తలుపులు వేసుకుంటారు," అంది ఆమె. లేచి వెళ్లి, స్టూలు వేసుకుని, కారం డబ్బా పై అరలోంచి దించింది.

పొట్లాలకి సీలు వేసే రోజు చైర్మన్ గారు స్వయంగా ప్యాకింగ్ గదికి వచ్చారు. తలకి టోపీ, కాళ్లకి గుడ్డ తొడుగులు వేసుకుంటే తప్ప లోపలికి రానివ్వరు. ఆ వేషంలో ఆయన పెళ్లి భోజనాల్లో వడ్డించడానికి వచ్చినవాడిలా ఉన్నారు. చేతిలో డాక్టరమ్మ రిపోర్టు ఉంది. పైలట్ చేప తిన్న రోజుల్లోనే బరువు నిలబడిందని, ఆ తిండి ఆపితే తాను సంతకం చేయనని ఆవిడ రాసింది.

"సరే," అన్నారాయన, ఎవరో చెయ్యి మెలిపెడితే అన్నట్టు. "టీవీ ముందు పాలన్నం విప్పుతాడు. మిగతా రోజులు అతని ఇష్టం. సొంత వాటాలో నీ చేప పెట్టుకో. కానీ పొట్లం మీద ఆ పేరు వద్దు. కెమెరా కంట పడితే బాగుండదు. సాగరామృతం అని వేయించు. వినడానికి గౌరవంగా ఉంటుంది."

సీలు మిషన్ పెదాలు వేడెక్కి ఉన్నాయి. ఆమె పొట్లం మూతిని వాటి మధ్య పెట్టి పెడల్ తొక్కింది. చిన్న బుస్సుమన్న చప్పుడుతో అంచు అతుక్కుంది.

"పేరు వేసేశాను సార్."

ఆయన వంగి చూశారు. తెల్లని పొట్లం మీద నల్లని పెద్ద అక్షరాలతో ఎండుచేప అని ఉంది. దాని పక్కన ఇంకోటి, దాని వెనక వరసంతా అదే.

"మార్చు."

"మార్చాలంటే పొట్లం కోయాలి సార్. కోస్తే గాలి తగిలి లోపలి సరుకు పోతుంది. మళ్లీ వండాలి, మళ్లీ ఎండబెట్టాలి. రాకెట్టు ఆగదు."

"ఇది కావాలనే చేశావు."

"అవును సార్."

"నలుగురూ ఏమనుకుంటారో ఆలోచించావా?"

ఆ మాటకి ఆమె తల ఎత్తింది. తన వంటింట్లో, తన నోటితో, అదే మాట. కోపం మళ్లీ లేచింది. అది ఆయన మీదో, ఆ రోజు గరిటె పట్టుకున్న తన మీదో విడదీయడం కుదరలేదు. విడదీయాలని ఆమె ప్రయత్నించనూ లేదు.

"ఆలోచించాను సార్. చాలా రోజులు అదే ఆలోచించాను. అన్నం పెట్టాల్సిన మనిషికి పెట్టకుండా."

ఆయనకి అర్థం కాలేదు. రాతపూర్వకంగా సంజాయిషీ ఇచ్చుకోవాల్సి ఉంటుందని చెప్పి వెళ్లారు. గుమ్మం దగ్గర గుడ్డ తొడుగు జారి కాలికి అడ్డం పడింది. ఆమె ఇంకో పొట్లం మిషన్ నోట్లో పెట్టి పెడల్ తొక్కింది.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి అత్తగారు వంటింట్లో పొయ్యికి ఎదురుగా కూర్చుని ఉంది. ఇప్పుడు ఆవిడ పొయ్యి వెలిగించి ఉన్నంతసేపూ చూపు దాని మీద నుంచి తిప్పడం లేదు. పెనం మీద ఎండుచేప ముక్కలు కాలుతున్నాయి. భర్త కిటికీ పక్కన నిలబడి ఉన్నాడు. ముక్కు మూసుకోవాలని ఉంది, మూసుకునే ధైర్యం లేదు.

"మాడిందా?" అని అడిగింది అత్తగారు, కోడలి అడుగుల చప్పుడు విని.

"లేదు. ఇంకొంచెం కాలాలి."

ఆమె కోటు విప్పి పక్కన కూర్చుంది. అత్తగారు అట్లకాడతో ముక్కని తిప్పింది.

"నీ మీద కోపం పోలేదు నాకు," అంది.

"తెలుసు."

"అంత తొందరగా పోదు కూడా."

"తెలుసు అత్తయ్యా."

పొగ పలచగా లేచింది. అత్తగారు దాని వైపు మొహం చాపి గట్టిగా గాలి పీల్చింది, ఒకసారి, రెండోసారి. ఏమీ రాలేదు. మొహం వెనక్కి తీసుకుంది.

"ఎలా ఉందో చెప్పు," అంది.

ల్యాబులో వాసనలకి ఆమె దగ్గర బోలెడు మాటలున్నాయి. ఘాటు, దానికి ఒక అంకె, దాని కింద సంతకం. అవేవీ ఇక్కడ పనికొచ్చేలా లేవు. ఆమె పెనం మీదకి వంగింది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ముక్కు బిగించకుండా ఆ వాసన పీల్చింది లేదు. కళ్లు మూసుకుని నిండా పీల్చింది.

"ముందు ఉప్పు తగులుతుంది," అంది. "తడి గోనెసంచి ఎండలో ఆరేసినట్టు. దాని కిందనుంచి పొగ. తర్వాత..."

"అబద్ధం చెప్పకు. కంపు కూడా చెప్పు."

"కంపు కొడుతోంది అత్తయ్యా. బాగా కొడుతోంది."

అత్తగారు కళ్లు మూసుకుంది. పెదాలు కొద్దిగా విచ్చుకున్నాయి.

"ఆ," అంది. "అదే. ఇంకా చెప్పు."